పెద్దావిడ ఆకలి

4, సోమవారం

ఈ డైరీ నాది కాదు. ఎరువుల కొట్టాయన మా ఆయనకిచ్చాడు. లారీకి ఎప్పుడేం చేశారో ఇందులో రాసుకుంటానని ఈయన గొప్పగా మొదలుపెట్టారు. మొదటి పేజీలో "ఆయిలు మార్చాను" అని ఉంది. రెండో పేజీలో "గ్రీజు పెట్టాను" అని ఉంది. మూడో పేజీలో పెన్ను రాస్తుందో లేదో చూడటానికి చుట్టిన నాలుగు సున్నాలున్నాయి. అంతే, ఆయన రచన సమాప్తం. ఇన్ని తెల్లకాగితాలు పారేయడం నాకు చేతకాదు. పైగా నాకనిపించేవన్నీ నోటితో అంటే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని రాస్తున్నాను.

ఇవాళ పెద్దావిడ మొరాయించింది. పెద్దావిడంటే మా లారీ. నన్ను కట్టుకోవడానికి ఆరేళ్ల ముందే ఈయన దాన్ని తెచ్చుకున్నారు కాబట్టి వరసకు నాకు సవతి. దాని టైరు అరిగితే ఈయనకు నిద్రపట్టదు. నా మోకాలు అరిగితే "వయసు కదా" అంటారు.

మొక్కజొన్న రాశంతా కళ్లంలో టార్పాలిన్ కింద ఉంది. వానొచ్చేలోగా గోదాముకు చేర్చాలి. మొదటి లోడుతో బయల్దేరిన బండి పద్దెనిమిది కిలోమీటర్లలో మూడుసార్లు ఆగిందట. ఆగుతుంది, అరగంట కూర్చుంటే మళ్లీ స్టార్టవుతుంది, కొంతదూరం పోయి మళ్లీ ఆగుతుంది. మధ్యాహ్నం వెళ్లిన మనిషి చీకటిపడే వేళకు ఇల్లు చేరారు. రాగానే పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, కొన ఇంజనుకు, పిడి తన చెవికి ఆనించి కళ్లు మూసుకున్నారు. ఇది ఈయన నాడి చూడటం. చుట్టుపక్కల ఎవరి ట్రాక్టరు దగ్గినా తుమ్మినా ఈ చెవి కోసమే వస్తారు. అందులో నమ్మకమెంతో, మా కాఫీ మీద మోజెంతో నాకు తెలీదు.

"ఆకలి," అన్నారు కళ్లు తెరిచి.

"చేతులు కడుక్కుని రండి, పెడతాను."

"నాకు కాదే, బండికి. డీజిలు అందట్లేదు. ఆకలితో ఆగుతోంది."

నవ్వాపుకోలేకపోయాను. నిన్ననే ట్యాంకు నిండా పోశాం. గరాటు పట్టుకున్నది నేనే. ట్యాంకు మూత ఎక్కడో పడిపోయి నెలైంది. కొంటాను కొంటానంటారు, కొనరు. లోపల దుమ్ము పడుతుందని, చిరిగిన దిండు గలేబు సగానికి చించి ట్యాంకు నోట్లో కుక్కింది కూడా నేనే. నీలంపూల గలేబు. నిన్న చూస్తే ఆ గుడ్డ లేదు, గాలికి పోయినట్టుంది. దాని బదులు ప్లాస్టిక్ కవరు కప్పి రబ్బరుబ్యాండు వేశాను. బుర్రన్నది ఈ ఇంట్లో ఒక్కరికైనా ఉండబట్టి సరిపోయింది.

"కడుపు నిండా తిని ఆకలేంటండీ? ముందు మీ చెవిలో గుబిలి తీయించుకోండి," అన్నాను.

5, మంగళవారం

ఇంజనుకు డీజిలు తోసే పంపు దగ్గర పైపు విప్పి, చేతిమీట కొట్టి చూశారు. డీజిలు ధారగా వచ్చింది. నేను వంటింటి కిటికీలోంచి, "ఆకలి తీరిందా?" అని అడిగాను. ఆయన స్క్రూడ్రైవరు కొనను చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టి విన్నారు. ఈసారి ఏమీ అనలేదు.

7, గురువారం

డాక్టరొచ్చాడు. డాక్టరంటే డీజిలు మెకానిక్కు. ఏ బండి చూపించినా "పెద్దాపరేషనే" అంటాడు కాబట్టి ఆ పేరు. మా ఆయన చెవి పక్కనుండగా మాకు డాక్టరు అవసరం ఏనాడూ రాలేదు. ఇవాళ ఈయనే ఫోను చేసి పిలిచారు. ఇది నేను గమనించలేదనుకుంటున్నారు.

"పంపు పోయిందన్నా," అన్నాడు డాక్టరు.

"ఆకలేమోననిపించింది నాకు," అన్నారు ఈయన, నెమ్మదిగా, బడిలో తప్పు లెక్క చూపించేవాడిలా.

"ఆకలేంటన్నా, ట్యాంకు ఫుల్లుంది కదా!"

నేను కాఫీ అందిస్తూ నవ్వాను. డాక్టరూ నవ్వాడు. ఈయన కూడా నవ్వారు. పంపు విప్పి గోనెసంచిలో చుట్టుకుని డాక్టరు వెళ్లిపోయాడు. పంపున్న చోట ఖాళీ కనిపిస్తోంది. పన్ను పీకిన నోరు జ్ఞాపకమొచ్చింది.

8, శుక్రవారం

మబ్బు పట్టింది. విడిపోయింది. నాకెందుకు?

11, సోమవారం

పంపు బాగుచేసి తెచ్చి బిగించాడు. ఇద్దరూ ఎక్కి వెళ్లారు. ఏడో కిలోమీటరు దగ్గర ఆగింది. డాక్టరు ఎవరి మోటారుసైకిలో ఎక్కి అటునుంచి అటే వెళ్లిపోయాడు. పోతూ పోతూ, "వయసన్నా, ఏం చేస్తాం," అన్నాడట. నా మోకాలికి చెప్పిన మాటే. మొత్తానికి సవతులిద్దరికీ ఒకటే రోగం తేలింది.

సాయంత్రం వదిన వచ్చింది. ఈయన అక్కగారు. ఆవిడకు సొంతంగా పొలం ఉంది, పాతదే అయినా సొంతంగా కోత మిషనుంది. ఇంకొకరి ఇంటి పొరపాట్లు వెతకడానికి సొంతంగా రెండు కళ్లున్నాయి. నా పెళ్లయిన రెండోరోజు నేను ఉప్పు మరిచిపోయాను. ఇరవై తొమ్మిదేళ్లయింది, ఇప్పటికీ మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే ముందు ఉప్పుడబ్బా దగ్గరకు లాక్కుంటుంది.

"తమ్ముడూ, అమ్మేయరా ఆ తుప్పుని," అంది. "నీ చెవి మీద నమ్మకంతో ఇన్నాళ్లు లాగావు. నీ చెవికి మాత్రం వయసు రాదా?"

"నేను ఎప్పట్నించో అదే మొత్తుకుంటున్నా వదినా," అన్నాను. మా ఇద్దరికీ ఒక్కమాట మీద కుదిరింది ఇదే మొదటిసారి. ఈయన మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, లేచి షెడ్డులోకి వెళ్లారు.

వానకు ముందు రాశి చేర్చాలి కదా! అద్దె లారీ మాట్లాడమన్నాను. ఊళ్లో బళ్లన్నీ ఎవరి పంట మీద వాళ్లు తిరుగుతున్నాయి, పదిరోజుల దాకా దొరకవట.

12, మంగళవారం

లారీ అమ్మేస్తామని కబురు పెడితే, పాతసామాన్లవాడు శుక్రవారం వచ్చి చూస్తానన్నాడు. పీడా పోతుంది. నాకు సంతోషంగానే ఉంది.

13, బుధవారం

పొద్దున వంటింట్లోకి వచ్చి స్క్రూడ్రైవరు గట్టు మీద పెట్టారు.

"ఇదెందుకిక్కడ?"

"డబ్బా మూతలు రావట్లేదంటావుగా. వాడుకో. నాకింక దేనికి?"

"ఎందుకంత మాట?"

"నాకు వినపడట్లేదే. అంటే మాటలు వినపడతాయి. ఇంజనులో చెప్పేది వినపడట్లేదు. ఆకలన్నాను, కాదు. పోనీ ఇంకేంటా అని పదిరోజులుగా వింటున్నాను, నాకు మళ్లీ అదే వినపడుతోంది. అంటే పోయిందన్నమాట." చెవి మీద వేలితో రెండుసార్లు కొట్టుకున్నారు, రేడియోను కొట్టినట్టు.

మధ్యాహ్నం ఎవరో ట్రాక్టరేసుకుని వచ్చారు. "డాక్టరు దగ్గరికెళ్లు బాబూ, నాకు తెలీదు," అని ఈయన గుమ్మంలోంచే పంపేశారు. ఇరవై తొమ్మిదేళ్లలో ఈ మనిషి నోట "నాకు తెలీదు" అన్న మాట నేను వినలేదు. అదొక్కటి వింటే చాలని ఎన్నిసార్లు అనుకున్నానో! తీరా విన్నాక, ఆ ట్రాక్టరతన్ని నేనే వెనక్కి పిలవబోయాను.

స్క్రూడ్రైవరుతో ఒక్క డబ్బా కూడా తెరవలేదు.

14, గురువారం

వివరంగా రాయాలి.

దుప్పట్లు, గలేబులు ఉతకడానికి తీశాను. ఈయన తల కింద దిండుకున్నది నీలంపూల గలేబు. దాని జత ఏదబ్బా అనుకున్నాను. చించాను కదా, ట్యాంకు నోట్లో కుక్కాను కదా, గాలికి పోయింది కదా. సబ్బు రుద్దుతున్న చెయ్యి ఆగిపోయింది. గాలికి పోయిందని ఎవరన్నారు? నేనే. పోతుండగా ఎవరైనా చూశారా? లేదు. బిగించి లోపలికి కుక్కిన గుడ్డ గాలికి బయటికొస్తుందా, గతుకుల రోడ్డు మీద లోపలికి జారుతుందా?

ఈయన భోంచేసి నడుం వాల్చారు. నేను తీగ ఒకటి కొన వంచి పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. కవరు తీసి తీగ లోపలికి దింపి కెలికాను. మూడోసారికి మెత్తగా ఏదో తగిలింది. లాగాను. నీలంపూలు నల్లపూలయ్యాయి గానీ నా గలేబే! పిండితే చారెడు డీజిలు కారింది. ఇంజను నడిచినంతసేపూ ఇది వెళ్లి డీజిలు పీల్చే గొట్టానికి అతుక్కుంటోంది, ఆపగానే ఊడి పక్కకు పోతోంది. ఇంజనూ తెలియదు గాడిదగుడ్డూ తెలియదు నాకు, అయినా అర్థమైంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పంపులు విప్పించాం, డాక్టర్లను పిలిచాం, పాతసామాన్లవాడికి కబురు పెట్టాం. "గుబిలి తీయించుకోండి" అన్నది ఎవరు? నేను. "ఆకలి తీరిందా" అని కిటికీలోంచి అరిచింది ఎవరు? నేను.

వెంటనే లేపి చెప్పేద్దామనే అనుకున్నాను. అప్పుడు వదిన మొహం కళ్లముందు కనిపించింది. ఉప్పుకే ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది, గలేబుకు ఎన్నేళ్లో! గుడ్డను కట్టెల గదిలో పాత తట్ట కింద దాచి, తేలు కుట్టిన దొంగలా వచ్చి గిన్నెలు తోమాను. చెప్పకపోవడం ఈయన మంచికే. బండి బాగైతే ఆయనకు చాలు, ఎలా బాగైందో దేనికి?

15, శుక్రవారం

పాతసామాన్లవాడు వచ్చేలోగా ఒక్కసారి చూడమని బతిమాలాను. "నువ్వే అమ్మమన్నావు," అన్నారు. "నేనన్నవన్నీ చేస్తారా ఏంటి, మూత కొన్నారా?" అన్నాను. లేచారు. ఇంకేం మిగిలిందని చూస్తే, పైపుల కీళ్లలో వేసే రాగి వాషరు ఒకటి మిగిలిందట. అది గట్టిపడితే సందులోంచి గాలి దూరుతుందట. నా పొయ్యి మీదే ఎర్రగా కాల్చి, నా గిన్నెలో నీళ్లలో ముంచి, మెత్తబరిచి బిగించారు.

బండి వెళ్లింది. ఆగలేదు. గోదాము దాకా వెళ్లి, అలా తిరిగొచ్చింది. పాతసామాన్లవాడు అప్పటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఈయన హారను కొట్టుకుంటూ వాడి ముందు నుంచి రెండు చుట్లు తిప్పారు.

"వాషరే! ఇంతా చేసి ఇంత వాషరు!"

"అవునా?" అన్నాను. నటన నాకు ఇంత బాగా వచ్చని తెలీదు.

18, సోమవారం

మూడు లోడ్లలో రాశంతా గోదాముకు చేరింది. ఈయన కడుపునిండా తింటున్నారు. స్క్రూడ్రైవరు మాత్రం గట్టు మీదే ఉంది. తీసుకోమంటే, "చెవితో పనేముంది? అంతా వాషర్లలోనే ఉంది," అంటున్నారు.

20, బుధవారం

వాషరు. వాషరు. వాషరు. ఊళ్లో ఎవడి ట్రాక్టరు ఆగినా జేబులోంచి వాషరు తీస్తున్నారు. పొగొస్తే వాషరు, లాగకపోతే వాషరు. ఒకడు బ్యాటరీ అయిపోయిందని వస్తే వాడికీ ఒకటి కాల్చిచ్చారు. నా పొయ్యి కంసాలి కొలిమైంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆ నాలుగో కాలు నా కట్టెల గదిలో తట్ట కింద ఉంది.

మింగలేక కక్కలేక ఉన్నాను. ఆయన సంతోషంగా ఉన్నారు కదా! ఇప్పుడు చెప్పి ఏం లాభం?

22, శుక్రవారం

చెప్పేశాను.

వదిన పొలంలో కోత నడుస్తోంది. సగం కోశాక మిషను ఆగింది, మబ్బు కమ్ముకొచ్చింది. వదిన ఫోను చేస్తే ఈయన వాషర్ల డబ్బాతో పరుగెత్తారు. నేను కాఫీ ఫ్లాస్కు తీసుకుని వెనకాలే వెళ్లాను. మిషను పైపులన్నీ విప్పి నేల మీద గుడ్డ పరిచి పేర్చారు. రేకు డబ్బాలో నిప్పు చేసి వాషర్లు కాలుస్తున్నారు. అవి బిగించి స్టార్టు చేస్తే నల్లగా ఇంత పొగ కక్కి, మూలిగి ఆగిపోతోంది. మళ్లీ విప్పుతున్నారు.

"ఒరేయ్ తమ్ముడూ, రెండు గంటలైందిరా. వాన నెత్తిమీదుంది. ఈ పంట పోతే ఈ ఏడు నాకింకేం లేదు," అంది వదిన. ఆ గొంతులో దబాయింపు లేదు. అది వినగానే నాకు భయమేసింది.

"కంగారుపడకక్కా. పెద్దావిడను లేపింది వాషరే. ఇందులో ఇంకో నాలుగున్నాయి."

ఆ పొగ చూస్తే నాలాంటిదానికే అనుమానమొస్తోంది. ఈయనకు రాదా? రాదు. ఎందుకంటే ఈయన వినట్లేదు, చూడట్లేదు. కాలుస్తున్నారు. ఆ మనిషిని అలా చేసింది నేను.

ఇంటికి నడిచాను. సగం దూరం పరుగెత్తాననే చెప్పాలి, మోకాలు ఇప్పటికీ తిడుతోంది. తట్ట కింద గుడ్డ తీశాను, గట్టు మీద స్క్రూడ్రైవరు తీశాను. ఒక చేతిలో అది, ఒక చేతిలో ఇది పట్టుకుని పొలంలోకి వచ్చాను. అక్కడ ఉన్నవాళ్లంతా చూస్తున్నారు.

"ఏమండీ, వాషరు కాదు."

"నీకేం తెలుసు, పక్కకుండు."

"నాకే తెలుసు," అని గుడ్డ ముందు పెట్టాను. "ఇది మన ట్యాంకులో దొరికింది. మూత లేదని నేనే కుక్కాను. లోపల పడింది. పోయిన గురువారం మీరు పడుకున్నప్పుడు తీగతో తీశాను. మీతో చెప్పలేదు."

ముందు కదిలింది వదిన. గుడ్డను రెండు వేళ్లతో ఎత్తి విప్పింది.

"ఇది గలేబు కదూ?"

"అవును వదినా."

"దీని జత మీ మంచం మీద ఉండాలే?"

"ఉంది."

"అంటే మా తమ్ముడు ఇన్నాళ్లూ రోగం మీదే చెవిపెట్టి పడుకున్నాడన్నమాట!"

ఎవరో కిసుక్కుమన్నారు. భూమి చీలితే దూరిపోదామనిపించింది. ఈయన అరుస్తారని చూశాను. అరవలేదు. గుడ్డను వాసన చూశారు. కళ్లు చిట్లించి, చేతుల్తో గాల్లో ట్యాంకు గీసుకున్నారు, గొట్టం గీసుకున్నారు.

"నడుస్తుంటే అతుక్కుంటుంది. ఆపితే ఊడుతుంది. అందుకే అరగంట... అయితే డీజిలు అందలేదు."

"అందలేదు."

"ఆకలే."

"ఆకలే."

ఆ మొహం ఎలా వెలిగిందో నేను రాయలేను. పెళ్లినాడు కూడా అంత వెలగలేదు.

"మొదటిరోజు నేనేమన్నాను?"

"ఆకలన్నారు."

"గట్టిగా చెప్పు, అక్కకు వినపడలేదు."

"నాకు వినపడిందిలేరా! ముందు మిషను సంగతి చూడు!" అని వదిన అరిచింది. ఆ అరుపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

స్క్రూడ్రైవరు అందించాను. పైపులు బిగించి స్టార్టు చేయించారు. మిషను మూలుగుతుంటే పిడి చెవికానించి కళ్లు మూసుకున్నారు. పది లెక్కపెట్టేలోపు తెరిచారు. "ఇది ఆకలి కాదు. ఊపిరాడట్లేదు." గాలి పీల్చుకునే డబ్బా విప్పితే లోపల తవుడు దట్టించినట్టు పొట్టూ దుమ్మూ ఉన్నాయి. దులిపి, ఊది, బిగించారు. పొగ పలచబడింది. మిషను కదిలింది.

కోత పూర్తయి, టార్పాలిన్ లాగి కడుతుండగా చినుకు పడింది. ఒక మూల ఎకరం నిలబడే తడిసింది. అది నా లెక్కలోదే. వదిన అనలేదు, నేను రాసుకుంటున్నాను.

23, శనివారం

మాట్లాడట్లేదు. నిన్న వెలిగిన మొహం ఇవాళ ఆరింది. మధ్యాహ్నం తనంతట తనే అన్నారు: "గుడ్డ పడిందని కాదు. అది ఎవరికైనా పడుతుంది. ఊరంతా వాషరు వాషరని తిరిగాను. నువ్వు పక్కన నిలబడి తలూపావు."

మీ కోసమే అనబోయాను. సగం అబద్ధమని నాకే తెలుసు. మీ అక్కయ్య ముందు తల దించుకోలేక అన్నది మిగతా సగం.

"తప్పేనండీ," అన్నాను. ఈ మాట ఈ ఇంట్లో నా నోట రావడం ఇదే మొదలేమో, ఇద్దరం కాసేపు అటూ ఇటూ చూశాం.

25, సోమవారం

ట్యాంకుకు కొత్త మూత. గొలుసుతో సహా.

వదిన భోజనానికొచ్చింది. ఉప్పుడబ్బా లాక్కోలేదు. దాని బదులు, తిన్నాక చెయ్యి తుడుచుకోవడానికి గలేబేమైనా ఉందా అని అడిగింది.

29, శుక్రవారం

స్క్రూడ్రైవరు మళ్లీ షెడ్డుకెళ్లిపోయింది. డబ్బా మూతలు రావట్లేదు. వాషర్లు పట్టుకెళ్లినవాళ్లందరి ఇళ్లకూ వెళ్లి, విని, సరిచేసి వస్తున్నారు. ఏ ఇంట్లోనైనా ముందు కథంతా చెబుతారట, గలేబు రంగుతో సహా.

రోజూ కంచం ముందు కూర్చోగానే, "మొదటిరోజు నేనేమన్నాను?" అని అడుగుతున్నారు. "ఆకలన్నారు" అంటేగాని ముద్ద ఎత్తరు. ఒళ్లు మండిపోతోంది. ఎన్నాళ్లు చెప్పించుకుంటారు? ఇరవై తొమ్మిదేళ్లా?

31, ఆదివారం

ఇవాళ అడగలేదు. మరిచిపోయారో, విసుగేసిందో. కంచం పెట్టి, వడ్డించి, పక్కనే నిలబడ్డాను. తింటున్నారు. నీళ్లు పోశాను. ఇంకా అడగలేదు.

"ఆకలన్నారు," అన్నాను నేనే.

తలెత్తకుండా, "ఊఁ," అన్నారు.